శివారు దాకా నీళ్లు

మావారి పెద్దకర్మ రోజున ఇంటికి వచ్చినవాళ్లలో చాలామంది నాకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు. అల్లవరం వైపు నుంచి, సఖినేటిపల్లి వైపు నుంచి, మామిడికుదురు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి రాజమండ్రి వచ్చిన రైతులు. చేతుల్లో కొబ్బరికాయలో అరటిపళ్లో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వాళ్లలో బాగా పెద్దాయన ఒకరు ఫోటోకి దండం పెట్టి, "మా చేలోకి నీళ్లు తెచ్చిన బాబండీ, ఆయ్" అన్నారు. బంధువులు చాలా మాటలు చెప్పారు గానీ, ఆ ముక్క వింటే ఆయన ఎంత సంతోషించేవారో నాకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన కోరుకున్నది అదొక్కటే.

ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరు. గోదావరి మధ్య డెల్టాలో, అంటే కోనసీమలోనే, సర్వీసు చాలామటుకు గడిచింది. సూపర్‌వైజర్‌గా చేరి డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. పెద్ద ప్రాజెక్టులేవీ కట్టలేదు, పేపర్లో ఫోటో పడలేదు. ఎప్పుడో తవ్విన కాలువల్లో నీళ్లు చివరి ఎకరం దాకా వెళ్లేలా చూడటం ఆయన పని. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. దాదాపు యాభై ఏళ్లు పక్కనుండి చూశాను కాబట్టి చెబుతున్నాను, అది చిన్న పని కాదు.

ఆయనకి కాలువ చివరున్న శివారు రైతు అంటే అంత ప్రాణం ఎందుకో పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చెప్పారు. మా మామగారికి సముద్రానికి దగ్గర్లో, కాలువ చిట్టచివర కాస్త భూమి ఉండేది. సార్వా, అంటే వానాకాలం పంట, ఎలాగో గట్టెక్కేది. దాళ్వాకి, అంటే రెండో పంటకి వచ్చేసరికి పైనున్న వాళ్లంతా తడుపుకున్నాక మిగిలితే వీళ్లకి. పొట్ట మీదున్న చేను కళ్లముందే ఎండిపోతుంటే మా మామగారు గట్టు మీద కూర్చుని రాత్రంతా కాలువ వంక చూసేవారట. పక్కన ఈయన కూర్చునేవారు, చిన్నపిల్లాడు. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి ఉద్యోగానికి పెట్టినప్పుడు రోడ్లూ భవనాల శాఖలోనూ అవకాశం ఉందని ఎవరో చెబితే, వద్దు, నేను కాలువకే వెళతానన్నారట. "కాలువ మొదట్లో ఉన్నవాడికి కాలువే ఉంది. చివరున్నవాడికి మనిషి కావాలి" అనేవారు.

మా పెళ్లి 1974లో అయింది. కాపురం లొల్ల లాకుల దగ్గర పెట్టాం. అక్కడికి వెళ్లనివాళ్లకి చెప్పాలి. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన ప్రధాన కాలువ లొల్ల దగ్గరికొచ్చి చీలుతుంది. ఒకటి అమలాపురం కాలువ, ఒకటి గన్నవరం కాలువ, మరొకటి బ్యాంక్ కెనాల్. పెద్ద పెద్ద చెట్లు, నీటి హోరు, రాతి కట్టడాలు, కాలువ కాపలా చూసే లస్కర్ల ఇళ్లు. తర్వాత తర్వాత సినిమాల వాళ్లు వచ్చి ఎన్నో షూటింగులు చేసుకున్నారు గానీ, మేమున్నప్పుడు అది ఉద్యోగస్తుల చోటు. ఇంకా కొబ్బరికాయల పడవలు, ధాన్యం పడవలు తిరుగుతుండేవి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు నింపో వదిలో మట్టం సమానం చేసి, అప్పుడు ముందు తలుపులు తీసేవారు. మా క్వార్టర్ అరుగు మీద కూర్చుని నేను అది గంటలతరబడి చూసేదాన్ని. మాది మెట్ట ఊరు, నాకు అంత నీరు చూడటమే వింత.

క్యూసెక్కు అంటే ఏమిటో నాకు చెప్పింది ఆ అరుగు మీదే. సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు. అలా పదకొండు వేల అయిదొందల పైచిలుకు క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సుద్దముక్కతో అరుగు మీద లెక్క వేసి చూపించారు. నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. లెక్కలంటే భయం. అయినా ఆయన చెబితే అర్థమైంది, ఎందుకంటే లెక్క అయ్యాక లేచి, "పద, చూద్దాం" అని నీటి మట్టం కొలిచే గేజి రాయి దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలో చూపించేవారు. మా పిల్లలకీ అలాగే చెప్పారు, తర్వాత మనవడికీ.

ఆయన రోజు ఎలా ఉండేదంటే, పొద్దున్నే సైకిలు. తర్వాతి రోజుల్లో స్కూటరు, జీపు వచ్చాయి గానీ నాకు గుర్తుండేది సైకిలే. గట్టు వెంబడి పోతూ తూములు చూడటం, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడిందో, ఎక్కడ గట్టు జారిందో రాసుకోవడం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక అసలు పని మొదలయ్యేది. పూడిక తీయించాలి, తూడు కోయించాలి, షట్టర్లకి రిపేర్లు, రంగులు, అన్నీ జూన్‌లో నీళ్లు వదిలేలోపల అవ్వాలి. ఎండాకాలం సెలవులకి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళదామంటే కుదిరేది కాదు. అందరికీ సెలవులు వచ్చే నెలలే ఆయనకి ఊపిరాడని నెలలు. నాకు ఆ విషయంలో బాధ ఉండేది, లేదని చెప్పను. జూన్‌లో నీళ్లు వదిలిన రోజు మాత్రం మమ్మల్ని అందరినీ కాలువ దగ్గరికి తీసుకెళ్లేవారు. ఎండి పగుళ్లిచ్చిన కాలువ అడుగున ముందు సన్నటి పాయ వస్తుంది, ఆకులూ అలములూ తోసుకుంటూ. పసుపు, కుంకుమ, పూలు వేసి దండం పెట్టుకునేవాళ్లం. ఆయన చెప్పులు విప్పి నిలబడేవారు.

దాళ్వా రాత్రుల గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోతుంది. పైన సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలిన నీళ్లు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వచ్చి, అక్కణ్ణుంచి ధవళేశ్వరం చేరితే తప్ప దాళ్వా నిలబడదు. వచ్చిన కాస్త నీటిని వంతులవారీగా ఇస్తారు. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. వంతు ఉన్నప్పుడు పై ఊళ్లవాళ్లు రాత్రిపూట అడ్డుకట్టలు వేసుకుని, ఆయిల్ ఇంజన్లు పెట్టుకుని నీళ్లు లాగేస్తే కింద ఊళ్లకి బురద కూడా దక్కదు. అందుకని ఆ రోజుల్లో ఆయన ఇంట్లో పడుకునేవారు కాదు. టార్చిలైటు, ఒక దుప్పటి, ఇద్దరు లస్కర్లు. తెల్లారి వస్తే నేను కాఫీ ఇస్తూ ఒకటే అడిగేదాన్ని, "శివారు దాకా వెళ్లాయా?" అని. వెళ్లాయంటే స్నానం చేసి పద్యం ఎత్తుకునేవారు. వెళ్లలేదంటే మాట్లాడకుండా తిని మళ్లీ సైకిలెక్కేవారు.

ఒకసారి పై ఊళ్లో పలుకుబడి ఉన్న ఒకాయన తూము తలుపు తాళం పగలగొట్టించి నీళ్లు మళ్లించుకున్నాడు. మావారు వెళ్లి తూము వేయించారు. బదిలీ చేయిస్తానని బెదిరింపు, ఆఫీసుల నుంచి ఫోన్లు. నేను భయపడి ఏడిచాను, పిల్లలు చిన్నవాళ్లు. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆ పెద్దమనిషినే స్కూటరు మీద ఎక్కించుకుని కాలువ చివరిదాకా తీసుకెళ్లి, ఎర్రబారిన చేలు, ఆ గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లని చూపించారట. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. బదిలీ మాత్రం రాలేదు. ఆ ఏటి నుంచి సంక్రాంతికి ఆ ఇంటినుంచి మాకు పూతరేకులు వచ్చేవి. ఈయన డబ్బు పంపిస్తే ఆయన తిప్పి పంపేవారు, అదొక తగువు.

1986 ఆగస్టు వరద నాటికి ఆయన ఏటిగట్టు సెక్షన్ చూస్తున్నారు. కాలువలో నీళ్లు రావని ఏడాదంతా టెన్షన్ పడే మనిషి, ఆ వారం నీళ్లు ఆగాలని దేవుణ్ణి మొక్కారు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ ఏడు అక్కడ 75.6 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఉరవడిలో ఒక రోజంతా పారితే మూడొందల టీఎంసీలు, అంటే ఇప్పుడు నాగార్జునసాగర్ నిండా పట్టేంతకి దగ్గర్లో నీరు ఒక్క రోజులో సముద్రంలోకి. తర్వాత ఆయన వేసి చూపించిన లెక్క ఇది. అప్పుడు మాకు లెక్కలేవీ తెలియవు, రాత్రి పూట గట్టు మీద లాంతర్లు కదలడం, ఊరి గుడి మైకులో కేకలు, అంతే. మమ్మల్ని స్కూలు మేడ మీదకి పంపేసి ఆయన గట్టు మీదే ఉండిపోయారు. గట్టుకి అవతల వైపు నీటి ఊటలు వస్తుంటే ఇసుక బస్తాలు వేయించడం, ఎక్కడ కుంగుతోందో చూడటం. ఊళ్లో కులం, పార్టీ, పాత పగలు అన్నీ పక్కనబెట్టి మనుషులు బస్తాలు మోశారని చెప్పేవారు. మా వైపు గట్టు నిలబడింది. చాలా చోట్ల గండ్లు పడ్డాయి, లంకలు మునిగాయి, ఊళ్లు పోయాయి. ఆయన ఇంటికి వచ్చినప్పుడు పాదాలు నానిపోయి తెల్లగా ఉన్నాయి, వేళ్ల మధ్య పుళ్లు. వేణ్ణీళ్లు పోసి తుడుస్తుంటే, "మన గట్టు ఆగింది గానీ, అవతల వాళ్లది ఆగలేదు" అన్నారు. ఎవరైనా ఆయన్ని మెచ్చుకుంటే ఆ మాటే అనేవారు.

ఆ వరద తర్వాతే నోటుపుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. వరదల రోజుల్లో భద్రాచలంలో ఎంత, ధవళేశ్వరంలో ఎంత, ఎన్ని గంటల తేడాతో ఇక్కడికి వచ్చింది, సముద్రం పోటు సమయంలో ఏటి చివర మట్టం ఎలా ఉంది. ఆఫీసు లెక్క ఆఫీసులో ఉండేది, ఇది ఆయన సొంతం. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఈ పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి.

1996 నవంబరు 6 తుపాను కోనసీమవాళ్లెవరూ మర్చిపోరు. ఆ రాత్రి గాలికి కొబ్బరి తోటలు తోటలే పడుకున్నాయి. వందలమంది పోయారు. మర్నాడు చూస్తే కాలువల నిండా కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు, పశువుల కళేబరాలు. మురుగు కాలువలు మూసుకుపోయి చేలలో నీళ్లు బయటికి పోవడం లేదు. పండిన చేను నీళ్లలో పడి ఉంది. మావారు రంపాల వాళ్లని పెట్టుకుని ఒక్కొక్క చెట్టూ కోయించి తీయించారు. పడిన చెట్టు కోస్తుంటే దాని రైతు పక్కన నిలబడి బిడ్డ పోయినట్టు ఏడుస్తున్నాడని చెప్పి, ఆయనా ఏడిచారు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూసినవి చాలా తక్కువ.

పని గురించే రాస్తున్నాను. ఆయన సరదాల గురించి రాయాలి.

మొక్కలంటే పిచ్చి. లొల్లలో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, తీరిక దొరికితే కడియం నర్సరీలకి పోవాల్సిందే. అక్కడి పనివాళ్ల దగ్గర కూర్చుని గూటీ కట్టడం, అంటు కట్టడం నేర్చుకున్నారు. వేలి లావు జామకొమ్మ ఎంచుకుని, అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచి, తడిపిన నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, రెండు కొసలూ పురికొసతో బిగించేవారు. వానాకాలం కనుక చూస్తుండగానే కాగితం లోపల తెల్లటి వేళ్లు కనిపించేవి. అప్పుడు కింద కోసి కుండీలో పెట్టడం. జామ, దానిమ్మ, నిమ్మ అన్నీ ఇలాగే. మామిడికి మాత్రం అంటు. మామిడి రకాల్లో కొత్తపల్లి కొబ్బరి ఆయనకి ప్రాణం, పండూరి మామిడి తర్వాత. బదిలీ అయినప్పుడల్లా లారీలో సామానుకంటే కుండీలే ఎక్కువుండేవి. కాయ కాసే వేళకి మళ్లీ బదిలీ. మనం నాటిన చెట్టు కాయలు మనం తినే యోగం లేదండీ అని నేనంటే, "మన తర్వాత వచ్చినవాడి పిల్లలు తింటారుగా" అనేవారు. ఏ క్వార్టర్ ఖాళీ చేసినా కొత్తగా వచ్చేవాళ్లకి ఏ మొక్కకి ఎప్పుడు నీళ్లు పోయాలో కాగితం మీద రాసి తలుపుకి అంటించి వచ్చేవారు.

పౌరాణిక నాటకాల పద్యాలు ఇంకో సరదా. గొంతు గొప్పది కాదు, రాగం మాత్రం తప్పేది కాదు. శివరాత్రికి లస్కర్లు, ఊళ్లోవాళ్లు కలిసి నాటకం వేస్తే ఈయన హార్మోనియం పట్టేవారు. చిన్న ఉద్యోగుల నాటకంలో ఆఫీసరు హార్మోనియం వాయించడమేమిటని ఒక పై అధికారి అన్నారట. "కాలువ గట్టు మీద రాత్రంతా నా పక్కన నిలబడేది వాళ్లే కదండీ" అన్నారట ఈయన. ఆ హార్మోనియం కూడా ఒక లస్కరు తండ్రిదే, ఈయనకి నేర్పింది కూడా ఆయనే.

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఏనాడూ మానలేదు. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, దేవుణ్ణి ఉంచి మోసేది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక ఏట్లో దిగి నీళ్లలోంచి, పచ్చటి చేలల్లోంచి మనుషుల భుజాల మీద వస్తాయి. నాటిన వరి తొక్కుకుపోతుంది. రైతు ఒక్కడూ కాదనడు. సరే, మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రభల అలంకారం, జనం, కేకలు, ఇవే కనిపించాయి. ఆయన మాత్రం ఆ తొక్కిన చేనే చూస్తున్నారు. ఒక తడి నీటికోసం తలలు పగలగొట్టుకునే మనుషులు తమ చేను మీదుగా ప్రభ నడిస్తే చాలని దారి ఇస్తారు, వీళ్లకి సేవ చేయడంకంటే ఏం కావాలి అన్నారు. ఆ తీర్థంలో జీళ్లు, ఖర్జూరం కొని ఇంటిల్లిపాదికీ పంచేవారు.

కాటన్ దొర సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో దొర ఫోటో ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆయనకి అది భక్తి ఒక్కటే కాదు. 1847 నుంచి 1852 దాకా దొర గోదావరి మీద ఆనకట్ట ఎలా కట్టించారో, ధవళేశ్వరం కొండ రాయి ఎలా తెచ్చారో, ఇసుక మీద పునాది నిలబెట్టే ధైర్యం కావేరి మీది కల్లణై చూసి ఎలా వచ్చిందో, అన్నీ నోటికి తెలుసు. "దొర చూసి నేర్చుకున్నది మనవాళ్ల దగ్గరే, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు, అందుకే ఆయనంటే గౌరవం" అనేవారు. మే 15న దొర పుట్టినరోజుకి ధవళేశ్వరం వెళ్లి దండ వేసి, బ్యారేజీ మీద నడిచేవారు. నాలుగు భాగాలకీ కలిపి 175 గేట్లు. పాత ఆనకట్ట స్థానంలో ఈ బ్యారేజీ లేచేటప్పుడు చూసిన తరం వాళ్లది.

గన్నవరం అక్విడెక్టు అంటే ఇంకా ఇష్టం. వైనతేయ గోదావరి పైనుంచి కాలువ దాటి అవతలి లంక ఊళ్లకి వెళ్లడం, కింద నది, పైన కాలువ. 49 ఖానాల, అంటే కమానుల, ఆ పాత కట్టడం దాదాపు 150 ఏళ్లు పనిచేసింది. 2000లో కొత్తది వచ్చింది, దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అడిగినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆ ఊరావిడే. నీళ్లు మోసే కట్టడానికి ఆవిడ పేరు పెట్టడం ఆయనకి ఎంత నచ్చిందో చెప్పలేను. నన్ను తీసుకెళ్లి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపించారు. మధ్యలో ఆగి పాతదాని వైపు చేతులు జోడించారు.

2006లో రిటైరయ్యాక రాజమండ్రిలో స్థిరపడ్డాం. ఉద్యోగం వదిలింది గానీ గోదావరి వదల్లేదు. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు తాకినప్పుడు ఆయనకి గుండె ఆపరేషన్ అయి విశ్రాంతిలో ఉన్నారు. డాక్టరుగారు ఉద్రేకపడొద్దన్నారు. రాత్రి రెండింటికి లేచి చూస్తే వరండాలో 1986 పుస్తకం ముందేసుకుని, ఫోనులో ఎవరో కుర్ర ఇంజనీరుకి గట్టు మీద ఏ ఊళ్ల దగ్గర ముందు ఊట వస్తుందో వరసగా చెబుతున్నారు. నేను కోప్పడలేదు. పక్కన కూర్చుని పేజీలు తిప్పి ఇచ్చాను. ఆ కుర్రాడు వరద తగ్గాక మా ఇంటికి వచ్చి ఆయన కాళ్లకి దండం పెట్టి వెళ్లాడు.

2023 కార్తీకంలో నిద్రలోనే పోయారు. ముందురోజు సాయంత్రం కూడా మామూలుగానే ఉన్నారు. వంకాయ కూర బాగుందన్నారు, మనవడితో వీడియో కాల్‌లో మాట్లాడారు, వాడు చదివేది సివిలే కాబట్టి ఏదో కాలువ వాలు లెక్క అడిగితే చెప్పారు. అంత తేలిగ్గా వెళ్లడం ఆయన పుణ్యం అని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఒక మాటైనా చెప్పి వెళ్లి ఉంటే బాగుండేదని ఉంటుంది.

వరద పుస్తకాలన్నీ మనవడు ఒక్కో పేజీ ఫోటో తీసి దాచాడు. అసలు పుస్తకాలు ఇప్పటి డెల్టా ఇంజనీర్లకి ఉపయోగపడతాయేమో అడిగి, వాళ్లకి ఇచ్చేద్దామని అనుకుంటున్నాం. హార్మోనియం ఆ లస్కరుగారి మనవడికి ఇచ్చాను. వాడు భజనలకి వాయిస్తున్నాడట.

మొక్కలు మాత్రం నేను ఇవ్వలేను, ఎందుకంటే అవి ఆయనే ఎప్పుడో ఇచ్చేశారు. లొల్ల, అమలాపురం, రావులపాలెం, రాజోలు, ఎక్కడెక్కడ ఏ ఇంట్లో కట్టిన అంట్లో రాసుకోలేదు, నీళ్ల లెక్క రాసిన మనిషి ఇది మాత్రం రాయలేదు. కోనసీమలో ఇరిగేషన్ క్వార్టర్లలో మా తర్వాత ఉన్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆ పెరట్లో కొత్తపల్లి కొబ్బరి ఇంకా కాస్తోందేమో నాకు తెలియజేయండి. తలుపుకి అంటించిన కాగితం ఎవరైనా దాచి ఉంటే ఒక ఫోటో పంపండి. ఆయన చేతిరాతలో నీళ్ల లెక్కలే ఉన్నాయి నా దగ్గర, మొక్కల గురించి రాసింది ఒక్క ముక్కా లేదు.